విరగని కాలికి కట్టు

ఆస్పత్రిలో అతని పేరు ఎవరికీ అక్కర్లేదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గరి కాపలాదారు దాకా అందరికీ అతను కట్లాయనే. ఎముక విరిగినవాళ్లు ముందు డాక్టరు గదిలోకి వెళ్తారు, అక్కణ్నించి మొహాలు వేలాడేసుకుని నడవా చివర ఉన్న కట్ల గదికి వస్తారు. ఆ గదిలో ఎత్తు బల్ల ఒకటి, గోరువెచ్చటి నీళ్ల బకెట్టు, దూది చుట్టలు, పిండి పట్టించిన గుడ్డ చుట్టలు, కట్లు కోసే రంపం ఉంటాయి. నేల నిండా తెల్లటి చుక్కలు. ఎంత కడిగినా పోవు. చెప్పులకు అంటుకుని అతనితో పాటు ఇంటి గుమ్మం దాకా కూడా వస్తాయి. ఆ చుక్కల గురించి అతని భార్య గొణగని రోజు లేదు.

పిండికట్టు వెయ్యడం చూసేవాళ్లకు పిల్లలాటలా ఉంటుంది. గుడ్డచుట్టను నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, తేలిగ్గా నీళ్లోడ్చి చుట్టెయ్యడమే కదా అనుకుంటారు. అనుకునేవాళ్లకేం, అనుకుంటారు. కట్టు తడిగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కకూడదు. వేలికొన పడిన చోట గుంట పడుతుంది, ఆరాక అది లోపలి చర్మాన్ని తొలిచి పుండు చేస్తుంది. అరచేత్తో నిమరాలి, అంతే. కొత్తగా చేరినవాళ్లకు ఇది ఒంటబట్టేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. కట్లాయనకు మాత్రం మొదటిరోజే పట్టుబడింది. అరచేతుల పని అతనికి అక్క ఎప్పుడో నేర్పి పెట్టింది.

అక్క బేకరీలో పిండి పిసికేది. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయాక, ఇంట్లో ఒంటరిగా వదల్లేక తమ్ముణ్ని వెంటబెట్టుకుని పనికి పోయేది. వాడు మైదా బస్తాల మీద కూర్చుని ఏడుస్తుంటే ఒక ముద్ద చేతిలో పెట్టేది.

"వేళ్లు పెట్టావంటే వేళ్లు విరుస్తా. అరచేత్తో తొయ్యి, మళ్లీ దగ్గరికి లాక్కో. పిండితో పోట్లాడకూడదురా, బుజ్జగించాలి."

వీధి వీధంతా ఆమెను బన్నక్క అనేవాళ్లు. నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. ఎవరింట్లో పళ్లూడిన ముసలాయన ఉన్నాడో, వాళ్లకు మెత్తటి బన్ను తీసి పక్కన పెట్టేది. బేరమాడేవాళ్లకు మాడిన రొట్టె చూపించి, "ఇదైతే తక్కువకిస్తా, మీ మొహానికి సరిపోతుంది" అనేది. వాళ్లు కూడా నవ్వుకుంటూ కొనుక్కుపోయేవాళ్లు. తమ్ముడికి ఆస్పత్రిలో ఉద్యోగం దొరికిన రోజున వీధంతా వినబడేలా చెప్పింది.

"ఇద్దరం పిండి మీద పడి బతికేవాళ్లమేరా. నా పిండి తింటారు, నీ పిండి మోస్తారు!"

ఆమె ఎముక మొదటిసారి విరిగింది ఆ బేకరీ మెట్టు మీదే. పడలేదు, జారలేదు. మామూలుగా మెట్టు దిగింది, చీలమండ పుటుక్కుమంది. కట్ల గదికి మోసుకొచ్చిన భర్తను చూసి బల్ల మీంచే వెక్కిరించింది. "చూశారా, పెళ్లిలో కూడా ఎత్తుకోని మనిషి ఇప్పుడు ఎత్తుకున్నాడు." ఆమె భర్త లారీలు బాగుచేసే మెకానిక్. చేతులకు గ్రీజు, మాటలు తక్కువ. ఆ నవ్వు చూసే ఆమెను చేసుకున్నాడని తమ్ముడి నమ్మకం.

తమ్ముడు కట్టు వేసి, చెవి మెలేసినంత గట్టిగా చెప్పాడు. "కట్టు ఉన్నన్నాళ్లు కాలు నేలకు ఆనకూడదు. నేను తీసేదాకా కదిలావంటే ఊరుకోను." ఎవరి మాటా వినని మనిషి ఆ ఒక్క మాట విన్నది. కూర్చున్నచోటి నుంచే ఇంటినంతా ఏలింది గానీ కాలు మాత్రం కింద పెట్టలేదు. "మా వాడు చెప్పాడు" అనేది ఎవరేమన్నా.

ఆ తర్వాత మణికట్టు విరిగింది. ఆ తర్వాత రెండో చీలమండ. ఎక్స్‌రేలో ఎముక చివర్లు గుల్లగా, లోపల గుంటలు పడినట్టు కనబడ్డాయి. ఎముకల డాక్టరు బలానికి మాత్రలు రాశాడు. తమ్ముడు కట్లు కట్టాడు. ప్రతి కట్టు మీదా పెన్సిలుతో విరిగిన తేదీ, కట్టిన తేదీ వెయ్యడం కట్ల గది పద్ధతి. అక్క కట్ల మీద వాటి కింద ఒక చిన్న బన్ను బొమ్మ కూడా గీసేవాడు.

ఈలోగా ఇంకొకటి మొదలైంది. పక్కవీధిలో చావు ఇంటికి వెళ్లి అక్క పకపకా నవ్వింది. పెద్దవాళ్లు తిట్టారు. బేకరీలో అందరి ఎదుటా కేకు మీది క్రీమంతా వేలితో నాకేసింది. ఒక బట్టతల పెద్దమనిషి రొట్టెలు ఎంచుకుంటుంటే వెనకనుంచి ఆ తల మీద టపటపా కొట్టి, "బాగా పొంగింది" అన్నది. పాత బన్నక్క కూడా అలాంటి మాట అనగలిగేదే, కానీ పాత బన్నక్క చెయ్యి చేసుకునేది కాదు. యజమాని రెండుసార్లు చూసి, మూడోసారి పనిలోకి రావద్దన్నాడు. ఒకరోజు భర్త ఒంటికి కాగే నీళ్లు పడి బొబ్బలెక్కితే, ఆమె చూసి వెళ్లి మళ్లీ పడుకుంది. అతనికి బొబ్బల కంటే అదే ఎక్కువ మండింది.

"మీ అక్కకి నేనంటే లెక్కలేకుండా పోయింది బామ్మర్దీ. నాలుగు రోజులు నీ దగ్గర ఉంచుకో" అని ఒక సంచీ, ఆమెనూ గుమ్మంలో దింపి వెళ్లాడు. ఆ నాలుగు రోజులూ ఇంకా అవలేదు.

మనుషులతో ఉన్న తంటా ఇదే. ఎముక విరిగితే అయ్యో పాపం అంటారు, గుణం మారితే పొగరంటారు. ఎవరినో అనడమెందుకు, పెంచిన అక్కను కట్లాయన కూడా అలాగే అనుకున్నాడు. ఎముక విరిగినప్పుడల్లా కట్టు కట్టాడు, తిక్కపని చేసినప్పుడల్లా నోరు చేసుకున్నాడు. ఈ రెండూ ఒకచోటు నుంచే వస్తున్నాయని అతనికి తట్టలేదు. అక్క మాటలు తడబడి, బన్నును బన్ను అనలేక "అది, ఆ మెత్తటిది" అనడం మొదలుపెట్టాక గానీ నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్లలేదు.

డాక్టరమ్మ అక్క తల స్కానులూ, పాత ఎక్స్‌రేలూ పక్కపక్కనే పెట్టుకుని చాలాసేపు చూసింది. అక్క రక్తం, తమ్ముడి రక్తం కూడా తీసి ఎక్కడికో పంపింది. జవాబు వచ్చాక ఇద్దరినీ, కట్లాయననూ అతని భార్యనూ కూర్చోబెట్టి చెప్పింది.

"మన ఒంట్లో చెత్త ఊడ్చే కణాలు కొన్ని ఉంటాయి. మెదడులో ఉంటాయి, ఎముకలోనూ వాటి చుట్టాలుంటాయి. వాటి పైపొర మీద ఒక ప్రొటీన్ ఉంటుంది, ట్రెమ్‌టూ అంటారు. చెత్త ఎక్కడుందో పసిగట్టి కణానికి చెప్పేది అదే. మీ అక్కగారికి అది పుట్టినప్పట్నుంచీ సరిగ్గా లేదు."

"అది లేకపోతే?"

"ఊడ్చేవాళ్లకు చెత్త కనబడదు. పేరుకుంటుంది. పేరుకున్నచోట వాపొస్తుంది, పైకి తెలియని వాపు. ఎముకలో గుంటలు పడ్డాయి చూశారుగా? తలలో జరుగుతున్నదీ దాని చలవే. ఆవిడ కావాలని ఏదీ చెయ్యలేదండీ."

ఆ చివరి మాట దగ్గర కట్లాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతనికి మాత్రం తను అక్కను అన్న మాటలన్నీ ఒక్కసారిగా చెవుల్లో హోరెత్తాయి. మందుందా అని అడిగాడు. లేదన్నది డాక్టరమ్మ. ఆ మాట మెత్తగా చెప్పడానికి ఎంత ప్రయత్నించినా అది మెత్తబడే మాట కాదు.

"తల్లి వైపు నుంచొక లోపం, తండ్రి వైపు నుంచొక లోపం కలిస్తేనే జబ్బు. మీకు ఆ రెండిట్లో ఒక్కటీ రాలేదు. మీకేం కాదు" అని కూడా చెప్పింది. ఎవరైనా ఊపిరి పీల్చుకునే కబురే అది. అతనికి ఏడుపొచ్చింది. చిన్నప్పుడు ఇంట్లో ఏది పంచినా అక్క తన వాటా కూడా తమ్ముడి చేతిలో పెట్టేది. ఈ ఒక్కటి మాత్రం రెండు వాటాలూ తనే ఉంచుకుంది.

లేచేముందు డాక్టరమ్మ ఒక ముక్క చెప్పింది. "నడిపించండి. రోజూ కాసేపు, చెయ్యి పట్టుకుని. ఈ జబ్బులో నడక పోతే మళ్లీ రాదు. నడక ఉన్నన్నాళ్లే మనిషి కాస్త మనిషిలా ఉంటుంది."

నడిపించాల్సిన అవసరమే రాలేదు. ఆమే నడిచేది. తెల్లవారగానే చెప్పులు కూడా లేకుండా బేకరీకి బయల్దేరేది. బేకరీ యజమాని పాపం మంచివాడే, ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టి కబురు చేసేవాడు. చిక్కల్లా మధ్యలో ఉన్న నాలుగు రోడ్ల కూడలి. సరుకు లారీలన్నీ ఆ వేళకే వస్తాయి. తలుపుకు తాళం వేస్తే అరచేతులు వాచిపోయేదాకా తలుపు బాదింది. తాళం తీయకపోతే కిటికీ ఎక్కబోయి మణికట్టు మళ్లీ విరగ్గొట్టుకుంది. చెయ్యి పట్టుకుని తనే తిప్పుదామంటే అతనికి ఆస్పత్రి, భార్యకు స్కూలు ఆఫీసులో ఉద్యోగం. ఆమె తీసుకోగలిగిన సెలవులన్నీ అప్పటికే తీసేసుకుంది. రోజులో ఒక గంట నడిపించగలిగారు, మిగిలిన గంటలు మిగిలే ఉన్నాయి.

ఒక పొద్దున కూరగాయల లారీ ఆమెకు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి తిడుతున్నాడు. కట్లాయన సగం గీసిన గడ్డంతో, సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చాడు. అక్క రోడ్డు నడిమధ్య నిలబడి లారీని చూసి నవ్వుతోంది.

"వదలరా! రొట్టెలు మాడిపోతాయి!"

ఆ రోజు కట్ల గదిలో అతను వేసిన కట్టునే విప్పి మళ్లీ వెయ్యాల్సొచ్చింది. బల్ల మీద ఒక తుంటరి మనిషి, గోడలెక్కి దూకే రకం, కట్టు పడగానే బుద్ధిగా కూర్చుండిపోయాడు. కట్లాయన అతన్నే చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం సంచీలో రెండు గుడ్డ చుట్టలూ కొంచెం దూదీ వేసుకుని ఇంటికి వెళ్లాడు.

"అక్కా, కాలు విరిగింది" అన్నాడు.

ఆమె తన కాలిని పక్కింటివాళ్ల కాలిని చూసినట్టు చూసింది. "ఎప్పుడురా?"

"ఇందాక. పడ్డావు కదా."

"నొప్పి లేదే?"

"తర్వాతొస్తుంది."

"అయితే కట్టు మరి, చూస్తావేం" అని కాలు చాపి అతని ఒళ్లో పెట్టింది.

వంటింటి గుమ్మంలోంచి భార్య చూస్తోంది. "విరగని కాలికి కట్టేమిటండీ?" అన్నది గొంతు తగ్గించి. అతను తలెత్తలేదు. కట్టు తడిగా ఉండగానే అక్క ముందుకు వంగి తనూ రెండు అరచేతులతో దాన్ని నిమిరింది. "వేళ్లు పెట్టకు" అని తమ్ముడికి గుర్తు చేసింది. పేర్లు మర్చిపోయింది, ఊళ్లు మర్చిపోయింది, అది మర్చిపోలేదు. అంతా అయ్యాక అలవాటు చొప్పున అతను జేబులోంచి పెన్సిలు తీశాడు. ఏ తేదీ వెయ్యాలో తెలియలేదు. మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"నేను తీసేదాకా కాలు కింద పెట్టకూడదు. సరేనా?"

"సరేరా బాబూ, తెలుసు."

మర్నాడు తెల్లవారింది. అక్క లేచి కూర్చుంది. తలుపు వైపు చూసింది, కాలి వైపు చూసింది. కూర్చునే ఉండిపోయింది.

ఆ ఇంటికి ఎంత కాలానికి నిద్ర పట్టిందో, అది అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. భార్య స్కూలుకు తిన్నగా పోయి తిన్నగా వచ్చింది. కట్ల గదిలో అతని చేతులు కుదుటపడ్డాయి. నాలుగు రోజులేలే అనుకున్నాడు, తన బావ కూడా నాలుగు రోజులే అన్న సంగతి గుర్తు రాలేదు. మొదట్లో వారానికోసారి కట్టు విప్పి మడమ ఆడించి, నాలుగడుగులు వేయించి మళ్లీ కట్టేవాడు. కదలని కాలు ఏమవుతుందో అతనికి ఒకళ్లు చెప్పక్కర్లేదు, రోజూ చూసేదే. కానీ కట్టు విప్పిన రోజున ఆమె కళ్లు తలుపు మీదికి పోయేవి. ఆ చూపు చూసి అతను గబగబా కొత్త చుట్ట నీళ్లలో ముంచేవాడు. విప్పడం వారం నుంచి రెండు వారాలకు జరిగింది, తర్వాత నెలకు జరిగింది.

"ఎప్పుడు తీస్తావురా?" అని రోజూ అడిగేది.

"వచ్చేవారం అక్కా."

"నువ్వెప్పుడూ ఇంతే" అని నవ్వి ఊరుకునేది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఒళ్లో తువ్వాలు పెట్టుకుని, దాన్ని అరచేతులతో తోస్తూ దగ్గరికి లాక్కుంటూ ఉండేది. కొన్నాళ్లకు అడగడం మానేసింది. అలవాటు పడిందని అతను తేలికపడ్డాడు. మనిషి అడగడం మానేస్తే తేలికపడాల్సింది కాదు. అది అతనికి ఆలస్యంగా తెలిసింది.

డాక్టరమ్మ దగ్గరికి ఈసారి చక్రాల కుర్చీలో తీసుకువెళ్లాల్సి వచ్చింది. ఆమె కట్టు చూసి నిట్టూర్చింది.

"మళ్లీ విరిగిందా? ఎప్పుడు?"

ఆమె వంగి చూసింది. అదే ఆస్పత్రిలో ఏళ్ల తరబడి అతని కట్లు చూసిన మనిషి ఆమె.

"మీ కట్టు మీద తేదీ లేదేం? ఎక్స్‌రే ఏది?"

"విరగలేదమ్మా" అన్నాడు కట్లాయన. "లారీ కింద పడబోయింది. నా వల్ల కాలేదు."

ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది. కళ్లజోడు తీసి తుడుచుకుని, "నన్ను అడగాల్సింది. ఎవర్నయినా సాయం చూసేవాళ్లం" అన్నది. తర్వాత అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "ఇంటికెళ్లి తీసెయ్యండి. ఇవాళే. ఎంత నడక మిగిలిందో చూడండి."

ఆస్పత్రిలోనే తీయొచ్చు. రంపం మోతకు అక్క జడుసుకుంటుందని అతను ఇంటికే తీసుకొచ్చాడు. పెద్ద కత్తెరతో, నెమ్మదిగా, రెండు పక్కలా పైనుంచి కిందికి కత్తిరించాడు. కట్టు రెండు చిప్పలుగా విడిపోయింది. లోపల కాలు చిక్కిపోయి, పాలిపోయి, చర్మం పొట్టు రాలుతూ ఉంది. పుండు మాత్రం ఎక్కడా లేదు. అతను అరచేత్తోనే కట్టాడు మరి. తన పనితనం చూసి తనకే రోత పుట్టిన రోజు అది.

గోరువెచ్చటి నీళ్లతో కాలు కడిగి, తుడిచి, మడమను మెల్లగా ఆడించాడు. వీధి తలుపు బార్లా తీశాడు. ఇన్నాళ్లూ ఏ తలుపు చూసి భయపడ్డాడో దాన్నే తన చేత్తో తీసి, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అక్కా, లే. బేకరీకి వెళ్దాం."

ఆమె అతని వైపు మర్యాదగా చూసింది, ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లను చూసినట్టు.

"లేవకూడదండీ. కాలు విరిగింది."

ఆ "అండీ" అతనికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. జీవితంలో అక్క అతన్ని "ఒరే" తప్ప ఇంకోలా పిలవలేదు.

"నయమైపోయిందక్కా. చూడు, కట్టు తీసేశాను."

"మీరు తీస్తే ఎలా?" అన్నది ఆమె. అన్ని మాటలు కలిపి ఆమె మాట్లాడి ఎన్నాళ్లైందో. "మా తమ్ముడు కట్టాడు. వాడు తీసేదాకా కాలు కింద పెట్టొద్దన్నాడు. వాడు ఊరికే చెప్పడు."

అతను చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. ఆమె కాలిని పైకి ముడిచి పెట్టుకుని, అలాగే పట్టుకుంది. బలం లేక కాదు, మాట తప్పకూడదని. భార్య ఆ పక్కనుంచి వచ్చి పట్టుకుంది. "వదినా, ఈయనే మీ తమ్ముడు" అన్నది. అక్క భార్య మొహం చూసింది, అతని మొహం చూసింది. తల అడ్డంగా ఊపింది.

కట్లాయన లేచి లోపలికి పోయాడు. ఆస్పత్రిలో వేసుకునే ఏప్రను, పిండి చుక్కలు పడి బిరుసెక్కినది, తొడుక్కున్నాడు. పెరటి దోవన వీధిలోకి పోయి, తెరిచి ఉన్న తలుపును రెండుసార్లు కొట్టి, చెప్పులతోనే లోపలికి వచ్చాడు. కట్లు విప్పే రోజున పిల్లల ముందు తెచ్చిపెట్టుకునే నవ్వు ఒకటి ఉంది అతనికి. అది కూడా మొహానికి తెచ్చుకున్నాడు.

"ఏమ్మా బన్నక్కా, కట్టు తీసే రోజొచ్చింది."

అక్క అతని ఏప్రను చూసి నవ్వింది. నేల మీద పడ్డ తెల్లటి చుక్కలు చూసింది. అతను రెండు చేతులూ చాపాడు. ఆమె ఆ చేతుల మీదుగా, అతని భుజం మీదుగా, వెనక తెరిచి ఉన్న తలుపులోకి కాసేపు చూసింది.

"మా వాడు మీతో రాలేదా?" అన్నది.

"వస్తాడమ్మా" అన్నాడు కట్లాయన.

"అయితే వాణ్ని రానివ్వండి" అని ఆమె ఒళ్లోని తువ్వాలును మళ్లీ అరచేతులతో తొయ్యడం మొదలుపెట్టింది.